సేరు, సా, కిలో: ఫిత్రా గోధుమల లెక్క

రమజాన్ ఆఖరి అష్రా వచ్చిందంటే మా ముప్కాల్‌లో ఏటా ఒకటే సవాల్: ఫిత్రా గోధుమలు తలకు 1 కిలో 633 గ్రాములా, 2 కిలోల 45 గ్రాములా? ఫోన్లలో రెండు ఎలాన్‌లూ తిరుగుతాయి. మస్లక్‌ల ఝగడా అనుకుని చాలామంది వదిలేస్తారు. అసలైతే ఇది వంటింటి హిసాబ్. కొలతను తూకంలోకి మార్చడంలో వచ్చిన తేడా.

మన దాదీలు, నానీలు తరాజూ ముట్టుకోకుండానే వండారు. సోలెడు బియ్యం, గిద్దెడు నూనె, మానెడు జొన్నలు: అన్నీ కొలతలే. బజార్‌ది తూకం: తులం, ఛటాక్, సేరు, మణుగు. ఇబ్బందంతా సేరుతోనే. ఇంట్లో అది కొలిచే పాత్ర, దుకాణంలో 80 తులాల బాట్. కొలతకు, తూకానికి పొత్తు కుదరదు. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు బియ్యం సుమారు 160 గ్రాములు పడితే, గోధుమపిండి 100 దగ్గరే ఆగుతుంది.

అరబ్బుల సా కూడా పైమానాయే, బాట్ కాదు. నాలుగు ముద్‌లు ఒక సా. ఖర్జూరమైనా, యవలైనా తలకు ఒక సా. గోధుమలైతే హనఫీ ఫిఖ్‌హ్‌లో అర సా. ఇమామ్ అబూ హనీఫా సాను 8 ఇరాకీ రతల్‌లుగా తీసుకున్నారు. ఆయన షాగిర్ద్ ఇమామ్ అబూ యూసుఫ్ మదీనా వెళ్లినప్పుడు అక్కడి బుజుర్గులు తాతముత్తాతల నాటి సా పాత్రలను ఇళ్ల నుంచి తెచ్చి చూపించారట. కొలిస్తే అయిదుంబావు రతల్‌లకు కాస్త ఎక్కువ వచ్చింది. ఆయన తన రాయ్ మార్చుకున్నారు. పెద్ద కితాబుల బహస్‌ను ఇళ్లలోని పాత్రలు తేల్చడం నాకు చాలా నచ్చే సంగతి. మన దగ్గర అమల్ మాత్రం 8 రతల్‌ల మీదే సాగింది.

హిందుస్తాన్‌లో ఆ సాను తులాల్లోకి మార్చాల్సి వచ్చింది. పాత తూకాలను తులాల్లోకి లెక్కగట్టిన ఉలమా గోధుమల అర సాను పౌనే దో సేర్ అన్నారు, అంటే 140 తులాలు. బరేలీలో మౌలానా అహ్మద్ రజా ఖాన్ సాహెబ్ ఇంకో తరీఖా పట్టారు. 144 రూపాయల బరువు యవలు పట్టే పాత్రను గోధుమలతో నింపి తూచారు. 175 రూపాయల 8 అణాల బరువు తేలింది. అప్పటి వెండి రూపాయి ఒక తులం. పాత్ర అదే, గింజ మారింది. యవల కన్నా గోధుమ బరువు మరి.

1956 చట్టంతో, 1958 నుంచి దశలవారీగా సేర్లు పోయి కిలోలు వచ్చాయి. సేరు 933 గ్రాములు. పౌనే దో సేర్ కాస్తా 1 కిలో 633 అయింది, బరేలీ లెక్క సుమారు 2 కిలోల 45 అయింది. (ఇవాళ బంగారం దుకాణంలో అడిగే 10 గ్రాముల తులంతో లెక్కించకండి. పాత తులం 11.66 గ్రాములు.)

తలకు 412 గ్రాముల ఫరఖ్. ఆరుగురున్న ఇంట్లో దాదాపు రెండున్నర కిలోలు. తీసుకునే గరీబ్ ఇంట్లో అది కొన్ని పూటల రొట్టె. స్థోమత ఉన్నవాళ్లు పెద్ద లెక్కే పట్టుకుంటే మేలని నా రాయ్. మనం బియ్యం తినేవాళ్లం కాబట్టి బియ్యమే ఇస్తామంటే, అదే తూకం బియ్యం కొలిచి ఇవ్వడం కాదు. హనఫీ లెక్కలో ఆ గోధుమల ఖీమత్ ఎంతో చూసి, అంత ధరకు వచ్చే బియ్యం ఇవ్వాలి.