ధూళిపాళ సీతారామశాస్త్రి

ధూళిపాళ సీతారామశాస్త్రి (1922–2007) తెలుగు రంగస్థల, సినిమా నటుడు. పల్నాడులోని దాచేపల్లిలో పుట్టారు. ఇంటిపేరే ఆయన తెరపేరు. గుంటూరు ప్రాంతపు నాటకాల్లో, ముఖ్యంగా దుర్యోధన పాత్రతో పేరు తెచ్చుకుని, అదే పాత్రతో 'భీష్మ' (1962) చిత్రంలో వెండితెరకు వచ్చారు. మరుసటి ఏడాది 'నర్తనశాల'లోనూ ఆయనే దుర్యోధనుడు.

ఎన్.టి.రామారావు 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)లో కృష్ణ, దుర్యోధన పాత్రలు రెండూ తానే వేసి, ధూళిపాళకు శకుని పాత్రను అప్పగించారు. ధూళిపాళ జీవితంలో పెద్ద మలుపు ఇదే. 'మాయాబజార్' (1957)లో నటుడు సి.ఎస్.ఆర్. చూపిన శకుని నవ్వుతూ నవ్విస్తూ పన్నాగాలు పన్నేవాడు. ధూళిపాళ శకుని వేరు. కౌరవుల చెరలో ఆకలితో మాడి చనిపోయిన తండ్రి, సోదరుల పగ తీర్చుకోవడానికి కౌరవుల పక్కనే చేరి వాళ్ళనే నాశనానికి నడిపిస్తాడు. ఆ దుఃఖాన్నీ కక్షనూ ఆయన ఒకే చూపులో పలికించారు. రంగస్థలం మీద సానపట్టిన వాచికం వల్ల సమాసాలు నిండిన సంభాషణల్లోనూ ఒక్క అక్షరం జారిపోదు. 'దానవీరశూర కర్ణ' (1977)లో మళ్ళీ శకుని వేషం వేశారు. తెలుగు తెరపై ఆ పాత్రకు ఇంతటి విషాద గాంభీర్యం తెచ్చినవారు మరొకరు లేరనే చెప్పాలి.

సాంఘిక చిత్రాల్లోనూ నటించారు. 'మురారి' (2001) ఆయన చివరి రోజుల్లో నటించిన చిత్రం. తర్వాత సన్యాసం తీసుకుని గుంటూరులో ఆధ్యాత్మిక సేవలో గడిపారు. 2007 ఏప్రిల్ 13న కన్నుమూశారు.