ఘాట్ ఎక్కితేనే మిస్ కొట్టే అంబాసిడర్: ప్లగ్గు మీద సీసం కథ

కల్వకుర్తి అనగానే చాలామందికి 1989లో ఎన్టీఆర్ ఇక్కడ ఓడిపోవడమే గుర్తొస్తుంది. ఆ కథ ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ ఒక స్పార్క్ ప్లగ్గు చరిత్ర.

మా పెదబాపుకు పెట్రోల్ అంబాసిడర్ ఉండేది. జనాన్ని ఎక్కించుకుని శ్రీశైలం పోయేవాడు. ఊళ్లో బండి బంగారంలా నడిచేదట. కృష్ణ దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మాత్రం మిస్ కొట్టేది. తిరిగొచ్చి మెకానిక్‌కు చూపిస్తే, ఆయన ప్లగ్గు విప్పి, ఇంజన్ బాడీకి ఆనించి, సెల్ఫ్ కొట్టి చూసేవాడు. నీలం మెరుపు మంచిగా వచ్చేది. "ప్లగ్గుకేం కాలేదు, కార్బురేటర్ విప్పుదాం" అనేవాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో డీబగ్గింగ్ చేసినోణ్ని కదా, నాకు వచ్చిన డౌట్ ఒక్కటే. లోడ్ పడ్డప్పుడే కనిపించి, టెస్ట్ చేస్తే మాయమయ్యే ఈ బగ్ ఏంటి?

జవాబు పెట్రోల్‌లో ఉంది. 1921లో అమెరికాలో, జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ, టెట్రా ఇథైల్ లెడ్ కలిపితే ఇంజన్ నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. లెడ్ అంటే సీసం. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు సీసం విషంతో చనిపోయారు. అయినా అది ప్రపంచమంతా పాకింది.

కాలిన సీసం ప్లగ్గు పింగాణీ మీద లేత పసుపు, బూడిద రంగు పొరలా అతుక్కుంటుంది. చల్లగా ఉన్నంతసేపు ఆ పొర కరెంటును పోనివ్వదు. ఘాట్‌లో పింగాణీ బాగా వేడెక్కాక అదే పొర కరెంటుకు దారి ఇస్తుంది. గ్యాప్ దూకాల్సిన మెరుపు పొర మీదుగా బాడీలోకి జారిపోతుంది. ప్లగ్ షార్ట్ అంటాం చూడండి, అదే. చల్లారాక విప్పి చూస్తే ఏముంటుంది? పాపం, ఆ మెకానిక్ తప్పు లేదు.

నల్ల మసి కథ వేరే. అది ఐడ్లింగ్‌లోనే మిస్ కొడుతుంది. చోక్ ఇరుక్కుందో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో చూడాలి. జిడ్డుగా తడిగా ఉంటే రింగులు, వాల్వ్ గైడ్ల దగ్గర ఆయిల్ దిగుతోందని అర్థం. డౌట్ ఉంటే ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్ దాని వెంటే పోతే ప్లగ్గుదే తప్పు.

పెదబాపు మాత్రం ఆ పసుపు పొరను బ్లేడుతో గీకి, పొడిని నోటితో ఊదేవాడు. నన్ను ఆపేసింది ఈ మాటే. ప్లగ్గు మీద మిగిలింది కొంచెమే, ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి గాలిలోకి పోయింది. 1990ల చివర్లో బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో రక్తపరీక్షలు చేయించింది. 12 ఏళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తంలో సీసం, డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములన్న అప్పటి హద్దు దాటింది.

1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరాల్లో, కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే. మిగతా ప్రపంచం పూర్తిగా మానేసరికి 2021 అయింది. చివరి దేశం అల్జీరియా.

ఇదిగో, స్క్రీన్ మీద కనిపిస్తున్నది పెదబాపు టూల్ డబ్బాలో దొరికిన ప్లగ్గు. పింగాణీ మీద ఆ పసుపు ఇంకా ఉంది. గ్లవ్స్ వేసుకునే పట్టుకున్నా.