రెండో వాల్వు

పోలీసు బ్యాండులో నేను కార్నెట్ ఊదేవాణ్ని. వెనుకటి బాకాల్లో కొన్ని స్వరాలే పలికేవి. 1818లో ప్రష్యాలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంటు పొందాక ఆ కొరత తీరసాగింది. అయితే వాల్వు మొరాయిస్తే వాద్యం మూగబోయినట్లే.

1974 పంద్రాగస్టు పెరేడ్‌కు ముందురోజు నా పాత కార్నెట్ రెండో వాల్వు నొక్కితే పైకి లేవలేదు. స్ప్రింగు మార్చాను, కడిగి నూనె వేశాను. ఫలితం లేదు. పిస్టన్‌ను బ్రాసోతో రుద్దబోతుంటే బ్యాండుమాస్టరుగారు చెయ్యి పట్టుకున్నారు. "చెంబనుకున్నావురా తోమడానికి? అరిగితే గాలి కారిపోతుంది!" అంటూ పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూపించారు. ఒక్కపక్కనే రాపిడి గీత. దోషం పిస్టన్‌ది కాదు, దాని గొట్టానిది. పక్కకు పొడుచుకొచ్చిన రెండో స్లయిడుకు దెబ్బ తగిలి, గొట్టం గోడ వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుపోయింది. ఆయన స్లయిడును మెల్లగా వెనక్కి లాగారు. పిస్టన్ టక్కున లేచింది.

కార్నెట్‌ను ఆ స్లయిడు కిందికి ఉండేలా బల్లమీద పడేసింది నేనే. ఆయనతో చెప్పలేదు. మిత్రులారా, ఇప్పుడు మీతో చెబుతున్నాను.