తోడేళ్ళ మధ్య ఓ మెకానిక్

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం అనగానే వానలు, పచ్చటి అడవులు గుర్తొస్తాయి. ఆ రాష్ట్రపు ఆగ్నేయ భాగానికి వెళితే ఆ రెండూ కనిపించవు. కొలంబియా నది ఒడ్డున కెన్నెవిక్, పాస్కో, రిచ్‌లాండ్ అని మూడు ఊళ్ళు పక్కపక్కనే ఉంటాయి. మూడింటినీ కలిపి ట్రై సిటీస్ అంటారు. చుట్టూ ఎండకు మాడిన నేల, సేజ్ పొదలు. దగ్గర్లోనే హాన్‌ఫర్డ్ అణుకేంద్రం. నాగసాకి మీద వేసిన బాంబుకి ప్లుటోనియం తయారైంది అక్కడే. నరతోడేళ్ళూ రక్తపిశాచాలూ తిరిగే కథకి న్యూయార్కో షికాగోనో అయితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ప్యాట్రిషియా బ్రిగ్స్ మాత్రం ఈ ఎండ ఊళ్ళనే ఎంచుకున్నారు. ఆమె నాయిక మెర్సీ థాంప్సన్ ఇక్కడ పాత ఫోక్స్‌వాగన్ కార్లు బాగుచేసుకుంటూ బతుకుతుంది. కావాలనుకున్నప్పుడు కయోటీగా మారిపోతుంది.

మెర్సీ మొదటి నవల 'మూన్ కాల్డ్' 2006 ఆరంభంలో వచ్చింది. బ్రిగ్స్ అప్పటికి కొత్త రచయిత్రి కాదు. 1965లో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్‌లో పుట్టిన ఆమె మొదటి నవల 'మాస్క్స్' 1993లోనే అచ్చయింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత పన్నెండేళ్ళూ కత్తులు, డ్రాగన్లు, శాపగ్రస్త కోటలున్న కల్పిత రాజ్యాల కథలే రాశారు. చదివినవాళ్ళకి నచ్చాయి, కానీ చదివినవాళ్ళే తక్కువ. అలాంటి రోజుల్లో ఏస్ బుక్స్ సంపాదకురాలు ఆన్ సోవర్డ్స్, ఈ కాలపు నగరంలో జరిగే మాయాకథ రాస్తారా అని అడిగారు. ఈ సిరీస్‌కి బీజం పడింది ఆ ప్రశ్నతోనే. ఒక రచయిత ఇంకేం రాయగలరో పసిగట్టి అడిగే సంపాదకులకి మనం ఇచ్చే గుర్తింపు చాలా తక్కువ.

అడిగిన సమయం కూడా మంచిదే. 1987లో ఎమ్మా బుల్ మినియాపొలిస్ వీధుల్లోకి యక్షిణుల యుద్ధాన్ని దింపారు. 1993లో లారెల్ హామిల్టన్ సృష్టించిన అనిటా బ్లేక్ తుపాకీ పట్టింది. 2001లో కెనడా రచయిత్రి కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏకంగా ఒక ఆడ నరతోడేలునే నాయికని చేశారు. దారి పడింది. కానీ ఆ దారిలో వెళ్ళాలంటే ప్రతి రచయితా ముందువాళ్ళకన్నా బలమైన నాయికని తేవాలి. ఇంకా పెద్ద కోరలు, ఇంకా పెద్ద మంత్రాలు. బ్రిగ్స్ ఆ పోటీలోకే దిగలేదు. తన నాయికని చుట్టూ ఉన్నవాళ్ళందరికన్నా చిన్న జంతువుని చేశారు. ఈ సిరీస్‌లో అసలైన ఆవిష్కరణ ఇదే అని నా నమ్మకం.

కయోటీ మన నక్కకి దగ్గరి చుట్టం. బరువు పదీ ఇరవై కిలోల మధ్య ఉంటుంది. తోడేలు దానికి రెండు మూడింతలు. ఎదురుపడి పోరాడితే కయోటీ బతకదు. కానీ అమెరికా చరిత్ర వేరే కథ చెబుతుంది. పశువుల మందల్ని కాపాడుకోవాలని ప్రభుత్వమే బోనులతో, తుపాకులతో, విషంతో వేటాడితే ఆ దేశపు పడమటి భాగంలో తోడేళ్ళు ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగానికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1995లో కెనడా నుంచి తెచ్చి యెల్లోస్టోన్‌లో మళ్ళీ వదలాల్సి వచ్చింది. అదే వేట కయోటీల మీద కూడా సాగింది. అవి మాత్రం తగ్గకపోగా ఖండమంతా పాకి నగరాల్లోకి కూడా వచ్చేశాయి. ఎలుక దొరికితే ఎలుక, పండు దొరికితే పండు. మోంటానాలో పెరిగిన మనిషికి ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం ఉండదు.

మెర్సీ పుట్టుక కూడా ఈ తేడా మీదే నిలబడింది. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఉయ్యాలలో పాపకి బదులు కయోటీ కూన కనిపిస్తే, ఇంకా పదహారు పదిహేడేళ్ళయినా నిండని తల్లి బెదిరిపోయి, ఆమెని మోంటానా కొండల్లోని నరతోడేళ్ళ గుంపుకి అప్పగిస్తుంది. అక్కడ మెర్సీకి అన్నం దొరుకుతుంది, ప్రేమా దొరుకుతుంది, సమాన స్థానం మాత్రం దొరకదు. పెద్దపెద్దవాళ్ళ మధ్య చిన్న ప్రాణిగా బతకడం అక్కడే నేర్చుకుంటుంది. ఎవరికి కోపం ఎప్పుడొస్తుందో వాసనబట్టి కనిపెట్టడం, తల వంచినట్టే వంచి తన పని తాను చేసుకుపోవడం, తప్పించుకోలేనప్పుడు తెగించడం. మొండితనం అంటే కండబలం కాదని బ్రిగ్స్ చెప్పకుండానే అర్థమయ్యేలా చేస్తారు.

ఇక వృత్తి. మెర్సీ కాలేజీలో చదివింది చరిత్ర, చేసేది మెకానిక్ పని. గోళ్ళలో గ్రీజు, అద్దె కట్టాలన్న బెంగ, పాత కార్లకి పార్టుల వేట. ఆ పని నేర్పిన జీ అనే ముసలాయన లోహాన్ని తాకి వశం చేసుకోగల యక్షజాతివాడు, మాటల్లో జర్మన్ దొర్లుతుంది. బ్రిగ్స్ మోంటానా స్టేట్ యూనివర్సిటీలో చదివినవి చరిత్ర, జర్మన్. ఏ ఉద్యోగానికి పనికొస్తాయని పెద్దలు నిలదీసే ఆ రెండు చదువులూ ఈ షెడ్డులోకి అలా చేరాయి. పొరుగింటి తోడేళ్ళ నాయకుడు ఆడమ్ అధికారం చెలాయించినప్పుడల్లా, అతని కిటికీకి ఎదురుగా తన పెరట్లో ఉన్న పాడైపోయిన ర్యాబిట్ కారు నుంచి మెర్సీ ఇంకో పార్టు ఊడదీస్తుంది. ఆ మనిషి ఎలాంటిదో చెప్పడానికి నాకు ఏ యుద్ధ ఘట్టమూ ఇంత నచ్చలేదు.

మాయని నమ్మించాలంటే మామూలు వస్తువు కచ్చితంగా ఉండాలని బ్రిగ్స్ ఇంట్లో అందరికీ పట్టింపే. కథల్లో నరతోడేలుని చంపే వెండి తూటాని నిజంగా పోసి చూడాలని బ్రిగ్స్ భర్త మైక్ పూనుకున్నారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, వెండికి 960 దాటాలి. తూటాల అచ్చులు చేసేది సీసం కోసం. పైగా వెండి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆయన పడిన తంటాలన్నీ వ్యాసంగా రాశారు. సినిమాల్లో అరనిమిషంలో తయారయ్యే వస్తువు వెనక ఎంత కమ్మరిపని ఉందో అది చదివితే తెలుస్తుంది.

మూడో నవల 'ఐరన్ కిస్డ్' 2008లో న్యూయార్క్ టైమ్స్ పేపర్‌బ్యాక్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులోనే మెర్సీ మీద అత్యాచారం జరుగుతుంది. ఇలాంటి ఘటనని చాలా కథలు ప్రతీకారానికి సాకుగా వాడుకుని వదిలేస్తాయి. బ్రిగ్స్ వదల్లేదు. తర్వాతి పుస్తకంలో మెర్సీకి ఊపిరాడని భయం తెరలు తెరలుగా వస్తుంది, మామూలు స్పర్శకే ఒళ్ళు గడ్డకడుతుంది. గట్టి మనిషి కూడా కోలుకోవడానికి సమయం పడుతుందని ఒప్పుకున్న ఆ పేజీలే ఈ సిరీస్‌ని తోటి పుస్తకాల నుంచి వేరు చేశాయి.

ఒక్క విషయంలో నాకు అసంతృప్తి ఉంది. మెర్సీ తండ్రి బ్లాక్‌ఫీట్ తెగవాడు, రోడియోలో ఎద్దుల మీద స్వారీ చేసేవాడు. కయోటీ చాలా ఆదివాసీ తెగల పురాణాల్లో దేవుడూ, మోసగాడూ. ఆ సంపదని బయటి రచయిత్రి తీసుకున్నారు. మెర్సీని ఆ తెగ మనుషుల మధ్య కాక తోడేళ్ళ మధ్య పెంచడంతో తొలి పుస్తకాల్లో ఆ వారసత్వం పేరుకే మిగిలింది. ఆరో నవల 'రివర్ మార్క్‌డ్'లో గానీ దాని దగ్గరికి సూటిగా వెళ్ళలేదు.

2024లో వచ్చిన 'వింటర్ లాస్ట్' పద్నాలుగో నవల. మెర్సీ తెచ్చిన పాఠకులు వెనక్కి వెళ్ళి పాత డ్రాగన్ కథల్ని కూడా వెతుక్కున్నారు. అచ్చులో లేకుండా పోయిన 'మాస్క్స్'ని బ్రిగ్స్ తిరగరాశాక, 2010లో ప్రచురణకర్తలు మళ్ళీ వేశారు. దాని తరువాయి కథ 'వుల్ఫ్స్‌బేన్' కూడా అదే ఏడాది తొలిసారి పాఠకుల చేతికొచ్చింది, మొదటి భాగం వచ్చిన పదిహేడేళ్ళకి.