పుల్లరి కాగితంలో లేని చెట్లు

ఎండాకాలం నడుమకొచ్చేసరికి మా కొండల మీద గడ్డి ఉండదు. ఉన్నది మంటకు పోతుంది, మిగిలింది పుల్లలా ఎండిపోతుంది. ఆ రోజుల్లో మేకలు తోలుకెళ్లేవాళ్ల చేతిలో కర్రకు బదులు దోటి ఉంటుంది. చెట్టు కింద మంద నిలబడి పైకి చూస్తుంది. మండ తెగి కిందపడేలోపే మేకలు ముందుకాళ్లు లేపుతాయి. వానలు పడేదాకా మా పశువును బతికించేది గడ్డి కాదు, చెట్టు. మా తాతలు చదివిన చదువులో ఇదొక పెద్ద పాఠం. ఈ పాఠం చరిత్ర పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా అని మేము వెతికాం. మాకు దొరికినవి ఎక్కువగా పన్నుల లెక్కలే.

చెట్ల పేర్లు రాసుకున్నవాళ్లు లేకపోలేదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి మొక్కలు పరీక్షించాడు. ఆయన కోరమండల్ తీరపు మొక్కల పుస్తకం 1795లో అచ్చు కావడం మొదలైంది. అందులో చెట్ల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. జీలుగు చెట్టు గురించి ఆయన రాసింది చదివి మేము నవ్వుకున్నాం. ముదురు చెట్టు మొదలులోని పిండి మంచి సగ్గుబియ్యానికి తీసిపోదనీ, జనం దానితో రొట్టె చేసుకుంటారనీ, అంబలి కాచుకుంటారనీ రాశాడు. ఇది మా ఇళ్లలో కొత్త సంగతా? ఇప్పుడు అదే సామర్లకోట చుట్టుపక్కల మిల్లుల్లో కర్రపెండలంతో సగ్గుబియ్యం చేస్తున్నారు. ఆ పేర్లన్నీ ఆయనకు ఎవరు చెప్పారో మనకు తెలియదు. చెట్టుకు లాటిన్ పేరు దక్కింది, చెప్పినవాళ్లకు ఏ పేరూ దక్కలేదు.

తరువాత వచ్చిన కాగితాల్లో చెట్టు పేరు కూడా పోయింది. 1871లో పశువుల చొరబాటు చట్టం వచ్చింది. హద్దు దాటిన పశువు బందెలదొడ్డికి పోయేది, విడిపించుకోవాలంటే డబ్బు కట్టాలి. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. మేపడానికి అనుమతి చీటీ, దానికి పుల్లరి. చీటీ మీద మనిషి పేరు, పశువుల సంఖ్య, కట్టిన సొమ్ము ఉండేవి. ఆ పశువు ఏం తింటుందన్నది ఎవరికీ అక్కరలేదు. ఆవుకైనా చీటీ దొరికేది కానీ, మేకను మాత్రం అడవికి శత్రువుగానే చూశారు. బీదవాడి ఆవు మేక. కాబట్టి దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కరలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మేకలు అడవిని తినేస్తాయన్నది పూర్తిగా అబద్ధం కాదు. మొలకను నెత్తి దగ్గర కొరికితే అది మళ్లీ లేవడం కష్టం. అందుకే మా పెద్దలు తల కొమ్మ నరకనిచ్చేవాళ్లు కాదు. ఒక చెట్టు మండలు ఈ ఏడు కొడితే వచ్చే ఏడు దాన్ని వదిలేసేవాళ్లు. పోడు కొట్టినప్పుడు కూడా ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్లను నిలబెట్టేవాళ్లు. చట్టానికి ఈ కట్టుబాటు కనపడలేదు, దోటి మాత్రమే కనపడింది.

పుల్లరి మీద జనం ఊరుకోలేదని మనందరికీ తెలుసు. 1921-22లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమన్నారు, కన్నెగంటి హనుమంతు తుపాకీ గుండ్లకు బలయ్యాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యం వాళ్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మూడు రోజులు వరసగా దాడి చేశారు. ఆ కోపంలో రోడ్డు పని వెట్టి ఉంది, పోడు నిషేధం ఉంది, మేత నిషేధం కూడా ఉంది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం ఇచ్చిన కొమరం భీము అడిగిన అడవిలో పశువుల మేత కూడా ఉంది. ఈ పోరాటాల కథల్లో విల్లులు, తుపాకులు కనబడతాయి. ఆకలితో అరిచే దూడ కనబడదు.

ఇప్ప సంగతి ఇంకో రకం. ముంగేరులో పనిచేసిన లాక్‌వుడ్ అనే ఆంగ్లేయ అధికారి 1878లో లండన్ లినేయన్ సొసైటీ పత్రికలో ఇప్పచెట్టు గురించి రాశాడు. ఇప్పపువ్వు పశువులకు, పందులకు మంచి మేత అని వాదించినవాళ్లలో ఆయన ఒకడు. పద్నాలుగేళ్లకు, 1892లో, బొంబాయి ప్రభుత్వం థానా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు అమ్మకం మీద, నిల్వ మీద ఆంక్షలు పెడుతూ చట్టమే చేసింది. వాళ్లకు ఆ పువ్వులో కనబడింది సారా ఒక్కటే. మా ఇళ్లలో పువ్వు మనిషికీ తిండే, ఎద్దుకూ తిండే. సారా కాచాక మిగిలిన పిప్పి కూడా పారబోయం, పందులకు పెడతాం. గింజ గానుగాడించిన చెక్క మాత్రం పశువు ముందు పెట్టకూడదు. అందులో విషం ఉంటుంది, ఆ చెక్కతోనే మడుగులో చేపలు పడతారు. ఒకే చెట్టు పువ్వు మేత, చెక్క మందు. ఈ తేడా తెలియనివాడు ఇప్ప గురించి చట్టం చేస్తే ఎలా ఉంటుందో చూశాం.

మా ఊళ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ చెట్టు ఎవరికి మేత అని అడిగాం. వేగిస ఆకు ఎద్దులకు బలం అన్నారు. గుమ్ముడు ఆకూ అంతే. నెమలినార, జువ్వి, మేడి, పనస ఆకులు మేకలు ఇష్టంగా తింటాయి. వెదురాకు ఎండల్లో కూడా పచ్చగా దొరుకుతుంది. దిరిసెన కాయలు, తుమ్మకాయలు ఎండి రాలినప్పుడు ఏరి గోతంలో దాస్తారు. కడిశె ఆకు పేరు ఎత్తగానే అందరూ ఒకేసారి వద్దన్నారు, మనిషిని చంపే ఆకు అది. లేత జొన్న పిలకలు మేస్తే పశువు పడిపోతుందని, కర్రపెండలం ఆకు, తొక్క పచ్చిగా పెట్టకుండా ఎండబెట్టి పెట్టాలని చెప్పారు. సైన్సు వాళ్లు ఈ రెండింటిలోనూ సైనైడు పుట్టించే పదార్థం ఉందంటారు. మా వాళ్లకు ఆ పేరు తెలియదు, ఎండబెట్టడం తెలుసు.

కోళ్ల గురించి అడిగితే మగవాళ్లు లేచి పోయారు, ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. కోడి వాళ్ల సొత్తు. సామ, చోడి చెరిగినప్పుడు రాలే నూక, చేలో గునుగు, తోటకూర గింజ, చెట్టు కింద చితికిన మేడిపండు, అందులోని పురుగు, ఉడకబెట్టి చిదిమిన పనసగింజ. పిల్లలు దిగిన కొత్తలో పేడ, చెత్త నింపిన కుండను పుట్ట దగ్గర రాత్రి బోర్లిస్తారు, పొద్దున చెదలతో సహా తెచ్చి కోడిపిల్లల ముందు దులుపుతారు. ఒక అవ్వ మమ్మల్ని చూసి, ‘ఇవి కూడా రాస్తారా?’ అని అడిగింది. రాశాం.

ఈ చెట్లు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. కలగలుపు అడవి నరికి టేకు, నీలగిరి నాటిన చోట మా పశువులకు ఏమీ లేదు. ఈ రెండింటి ఆకునూ పశువు ముట్టదు. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. సుబాబుల్ వచ్చినప్పుడు మేత చెట్టు అని చెప్పారు. అది నిజమే, కానీ అదొక్కటే మేపితే అందులోని మిమోసిన్ వల్ల పశువుల వెంట్రుకలు రాలతాయి. మా పెద్దలు ఏ ఆకునూ ఒక్కటిగా మేపరు, రోజూ నాలుగైదు రకాలు తిప్పుతారు. ఆ తిప్పడానికి నాలుగైదు రకాల చెట్లు మిగలాలి కదా!

2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును సామూహిక హక్కుగా గుర్తించింది. 2008 నిబంధనల్లో సాక్ష్యాల వరసలో సంప్రదాయ మేత స్థలాలు, మేత సేకరించే చోట్లు ఉన్నాయి. పెద్దల మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఇది తెలియక మా ఊళ్లలో చాలామంది ఇంటి పోడుకు మాత్రమే దరఖాస్తు పెట్టుకున్నారు. మేము మేత స్థలానికి పెట్టినప్పుడు ఒక కార్యాలయంలో, మేకలు తిరిగినచోటల్లా మీదేనా అని నవ్వారు. రుజువు అడిగారు. పాత పుల్లరి చీటీ ఉంటే తెమ్మన్నారు. తాతలను పీడించిన కాగితం మనవలకు హక్కు పత్రంగా కావాల్సి వచ్చింది. చీటీ ఎవరి ఇంట్లోనూ లేదు, చెదలు తినేశాయి.

అందుకని గ్రామసభలో ఈ పట్టిక చదివాం. ఏ వాగు ఒడ్డున ఏ చెట్టు, ఏ నెలలో ఏ మంద అక్కడికి పోతుంది, ఎవరి తాత కాలం నుంచి పోతుంది అని ఒక్కొక్కటీ రాసి కింద వేలిముద్రలు వేయించాం. సభ అయిపోయాక ఒక ముసలాయన వెనక్కి వచ్చి, తిరుమాను చెట్టు మర్చిపోయారన్నాడు. ముదురాకు వగరు గానీ చిగురు మేకలు వదలవట. కాగితం కింద చోటు లేక పక్కన అంచులో రాసి, దానికీ ఆయన వేలిముద్ర తీసుకున్నాం.