రోడ్డు భద్రతకు ధనము: అర్ధణా సెస్సు నుండి నేటి నిధుల వరకు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు నేలయే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు ఇందు నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రమును చేరును. ఈ సరస్సులోని లంకలపై వెలసిన గ్రామములలో కొల్లేటికోట యొకటి. ఇది ఏలూరు జిల్లా కైకలూరు మండలములో నున్నది. పెద్దింట్లమ్మవారి ఆలయమువలన ఈ గ్రామము ప్రసిద్ధి కెక్కినది. ఫాల్గుణ మాసపు జాతరకు చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనము వేలకొలదిగ వచ్చుదురు.

ఒకప్పుడు ఈ లంకలకు తాటిదోనెయే వాహనము. నేడు గట్లమీద రోడ్లు పడినవి. బస్సులు, ఆటోలు, చేపల లారీలు, మోటారు సైకిళ్లు వానిపై తిరుగుచున్నవి. దోనెలో పోవువాడు గాలికి, అలకు భయపడెను. గట్టురోడ్డుపై పోవువాడు వేగమునకును, ఎదురువచ్చు బండికిని, పిట్టగోడ లేని కల్వర్టుకును భయపడవలసియున్నది. రోడ్డు వేయుటకు కావలసిన ధనము వేరు. ఆ రోడ్డుపై ప్రాణము నిలుపుటకు కావలసిన ధనము వేరు. ఈ రెండవ ధనము ప్రభుత్వములకు ఎచ్చటనుండి వచ్చుచున్నది, దానిని ఏ లెక్కను పంచుచున్నారు అను విషయమునకు నూటయేబది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు.

శిస్తు, ఆశీలు

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఈ పనులకు మూలపురుషుడైన సర్ ఆర్థర్ కాటన్ రోడ్లకంటె, రైళ్లకంటె నీటిదారులే చౌకయని వాదించినవాడు. కావుననే డెల్టాలో కాలువలు సాగునీటితో పాటు సరుకును, జనమును కూడ మోసినవి. రెండు డెల్టాల కాలువలు ఏలూరు వద్ద కలిసికొనుటచే ఆ పట్టణము పడవల కూడలి యయ్యెను.

అయినను రోడ్లు లేక గడవదు. 1866లో మద్రాసు ప్రభుత్వము జిల్లా రోడ్డు సెస్సు చట్టము చేసినది. భూమి శిస్తుపై రూపాయికి అర్ధణా మించకుండ వసూలుచేసి, ఆ మొత్తమును జిల్లా రోడ్లకు వాడవలెనని దాని సారాంశము. 1871 నాటి లోకల్ ఫండు చట్టము రోడ్లతో పాటు బడులను, ఆరోగ్య కార్యములను కూడ ఇట్టి సెస్సు క్రిందికి తెచ్చెను. 1884లో లోకల్ బోర్డుల చట్టము వచ్చినది. రోడ్డుపై గేటు పెట్టి బండికి ఇంతయని ఆశీలు వసూలుచేయుట కూడ బోర్డులకు ఆదాయమే.

ఈ పద్ధతిలో ఒక న్యాయము, ఒక లోపము కలవు. ఆ జిల్లా సొమ్ము ఆ జిల్లాలోనే ఖర్చగును, ఇది న్యాయము. శిస్తు ఎక్కువగ వచ్చు మెరక మాగాణికి రోడ్లు ఎక్కువగను, శిస్తు తక్కువగ వచ్చు ముంపునేలకు తక్కువగను దక్కును, ఇది లోపము. కొల్లేటి లంకలు ఈ రెండవ తరగతిలోనివి. పంపకపు సూత్రము ఎవ్వరి పేరును చెప్పకయే కొందరిని వెనుకకు నెట్టగలదనుటకు ఇది మొదటి ఉదాహరణము.

పెట్రోలుపై రెండణాలు

మోటారు బండి రాకతో సమస్య మారెను. 1914లో భారత మోటారు వాహనముల చట్టము బండ్ల నమోదును, డ్రైవర్ల లైసెన్సును ఏర్పరచెను. మోటారు చక్రములు కంకర రోడ్లను పిండిచేయుచుండగా బోర్డుల సొమ్ము చాలలేదు. 1927లో భారత ప్రభుత్వము ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. రోడ్డును అరగదీయువాడే దానికి ధనమీయవలెనని ఆ సంఘము 1928లో చెప్పినది. ఆ ప్రకారము 1929 మార్చి 1 నుండి గ్యాలను పెట్రోలుపై రెండణాల అదనపు సుంకముతో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడినది. అందు కొంత భాగమును కేంద్రము తనవద్ద ఉంచుకొని, మిగిలినదానిని ఏ రాష్ట్రములో ఎంత పెట్రోలు ఖర్చయినదో ఆ నిష్పత్తిని పంచిపెట్టెను. మోటార్లు ఎక్కువగనున్న చోటికే ధనము ఎక్కువగ పోవును. మోటార్లు లేనిచోట రోడ్డు పడదు, రోడ్డు పడనిచోటికి మోటారు రాదు.

మద్రాసు రాష్ట్రములో 1931 నాటి మోటారు వాహనముల పన్ను చట్టముతో ఆశీలు గేట్లు తొలగిపోయెను. ఆ నష్టమునకు బదులు బోర్డులకు పన్ను రాబడిలో పరిహారము దక్కెను. ఇక 1939 చట్టము మూడవవాని ప్రాణమునకు బీమాను నిర్బంధము చేసెను. ఆ అధ్యాయము 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రమాదమునకై ముందుగా ధనము కూడబెట్టు పద్ధతి మన దేశమున ఇచ్చట మొదలైనదనవచ్చును. కాని ఆ ధనము ప్రమాదము జరిగిన తరువాత ఇచ్చునది. ప్రమాదమును ఆపునది కాదు.

నిధికి తాళము

ప్రత్యేక నిధి యుండిన చాలదు. దానికి తాళము కూడ కావలెను. బ్రిటనులో 1909 నాటి లాయిడ్ జార్జి బడ్జెట్టు మోటారు పన్నులను రోడ్లకే కేటాయించెను. 1926లో ఆర్థిక మంత్రి చర్చిల్ ఆ నిధిలోని సొమ్మును సాధారణ ఖజానాకు మరల్చెను. 1937 నాటికి రోడ్డు పన్నుకు రోడ్డు ఖర్చుకు గల సంబంధమే తెగిపోయెను.

మన రాజ్యాంగములోను ఇట్టి ప్రశ్న కలదు. 266వ అధికరణము ప్రకారము ప్రభుత్వ రాబడి యంతయు సంచిత నిధిలో చేరును. శాసనసభ అనుమతిలేక అందుండి ఒక్క రూపాయి తీయరాదు. కావున పోలీసులు వసూలుచేసిన జరిమానా, రవాణా శాఖ వసూలుచేసిన పన్ను తమంతట తాము రోడ్డు భద్రతకు పోవు. చట్టముచేతనో, బడ్జెట్టుచేతనో వానిని విడదీయవలెను. సెస్సు విషయములో మరియొక చిక్కు కలదు. 270వ అధికరణము క్రింద రాష్ట్రములతో పంచుకొను పన్నులలో సెస్సు చేరదు. అది ఏ పనికి విధించిరో ఆ పని నిమిత్తము కేంద్రము చేతిలోనే యుండును.

కేంద్రము 1998లో పెట్రోలుపై, 1999లో డీజిలుపై లీటరుకు 1 రూపాయి చొప్పున అదనపు సుంకము విధించెను. 2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టము ఆ సొమ్ము పంపకమును శాసనములోనే వ్రాసెను. డీజిలు సెస్సులో సగము గ్రామీణ రోడ్లకు పోవును. మిగిలిన సగమును, పెట్రోలు సెస్సు మొత్తమును కలిపి, అందు 57.5 శాతము జాతీయ రహదారులకు, 30 శాతము రాష్ట్ర రోడ్లకు, 12.5 శాతము రైలుదారిపై వంతెనలకు, కాపలాలేని రైల్వే గేట్లవద్ద భద్రతా పనులకు ఇయ్యవలెను. 2018లో ఈ చట్టమును సవరించి, ఇతర సౌకర్యముల నిర్మాణమును కూడ నిధి క్రిందికి తెచ్చిరి.

పై లెక్కలో భద్రత అను మాటతో కేటాయింపు జరిగినది రైల్వే గేట్లకు మాత్రమే. దాని ఫలితము గమనింపదగినది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని గేటును దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొనగా పలువురు చిన్నపిల్లలు మరణించిరి. 2017-18లో రైల్వేలకు 5 సంవత్సరములకు 1 లక్ష కోట్ల రూపాయల భద్రతా నిధి ఏర్పడినది. 2019 జనవరి నాటికి బ్రాడుగేజి మార్గములపై కాపలాలేని గేట్లు దేశమంతట తొలగింపబడినవి. పని ఏదో తెలిసి, ధనము కేటాయించి, గడువు పెట్టినచో ఏమి సాధింపవచ్చునో దీనివలన తెలియును.

రోడ్లకు అట్టి నిధి

ఎస్. సుందర్ అధ్యక్షతగల సంఘము 2007లో ఇట్టి సలహానే రోడ్లకు ఇచ్చినది. పెట్రోలు, డీజిలు సెస్సులో కనీసము 1 శాతమును రోడ్డు భద్రతా నిధికి విడదీయవలెనని కోరెను. 2010లో జాతీయ రోడ్డు భద్రతా విధానము వెలువడినది గాని, ఆ సంవత్సరమే లోక్‌సభలో ప్రవేశపెట్టిన భద్రతా బోర్డు బిల్లు చట్టము కాకయే పోయెను. పిమ్మట న్యాయస్థానము పూనుకొనెను. ఎస్. రాజశేఖరన్ అను ఎముకల వైద్యుడు 2012లో వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు 2014లో జస్టిస్ కె. ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన సంఘమును నియమించెను. 2017 నవంబరు 30న ప్రతి రాష్ట్రమును భద్రతా మండలిని, పని నడుపు ప్రధాన సంస్థను, ప్రత్యేక నిధిని ఏర్పరచుకొనవలెనని ఆదేశించెను. జరిమానాలలో కొంత భాగము ఈ నిధికి చేరవలెనని కూడ తెలిపెను.

2019 మోటారు వాహన సవరణ చట్టము ప్రమాద నిధిని ఏర్పరచినది. 2022 ఏప్రిల్ 1 నుండి ఢీకొట్టి పారిపోయిన బండివలన మరణించినవాని కుటుంబమునకు 2 లక్షల రూపాయలు ఇచ్చుచున్నారు. 2025 మే నెలలో ప్రకటించిన పథకముచే గాయపడినవారికి 7 దినములవరకు, 1.5 లక్షల రూపాయల మేరకు రొక్కము కట్టకుండ చికిత్స లభించును. ఇవి మంచి పనులే. అయినను ధనము ప్రమాదమునకు తరువాత పారినంత సులభముగ ప్రమాదమునకు ముందు పారుట లేదు.

ఏ లెక్కను పంచవలెను?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. మరణములలో 36.2 శాతము జాతీయ రహదారులపై జరిగినవి. దేశములోని రోడ్ల పొడవులో ఇవి సుమారు 2 శాతము మాత్రమే. కిలోమీటరు ఒక్కింటికి చూచినచో ఏలూరు, తాడేపల్లిగూడెముల ప్రక్కనుండి పోవు 16వ నంబరు జాతీయ రహదారివంటి దారులే మిక్కిలి అపాయకరములు. వానిపై ఒక్క మలుపును సరిచేసినచో పెక్కు ప్రాణములు దక్కును. కాని రాష్ట్ర రహదారులను గూడ విడిచి చూచినచో, తక్కిన జిల్లా, గ్రామ, పట్టణపు రోడ్లపై 39.4 శాతము మరణించిరి. ఇది మూడింటిలోను పెద్ద భాగము. అది లక్షల కిలోమీటర్లపై చెదరియుండుటచే ఏ యొక్కచోటను లెక్కకు రాదు.

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేరలో 3 సంవత్సరములలో 5 తీవ్ర ప్రమాదములో, 10 మరణములో జరిగినచో దానిని బ్లాక్ స్పాట్ అందురు. అట్టిచోటికి ధనము వచ్చును. గ్రామపు కల్వర్టువద్ద పదేండ్లలో ఇద్దరు మరణించినను అది ఈ కొలతకు అందదు. 2021 డిసెంబరు 15న జంగారెడ్డిగూడెము సమీపమున జల్లేరు వాగు వంతెన రెయిలింగును ఛేదించుకొని ప్రయాణీకుల బస్సు నీటిలో పడగా కనీసము తొమ్మండుగురు మరణించిరి. డెల్టాలో కాలువ గట్లపై పోవు ప్రతి రోడ్డుకును ఇట్టి అపాయము కలదు.

వేగము సంగతి భౌతికశాస్త్రము స్పష్టముగ చెప్పుచున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి, డ్రైవరు గ్రహించుటకు 1 సెకను పట్టినచో, సాధారణమైన బ్రేకుతో సుమారు 23 మీటర్లలో ఆగును. 80 కిలోమీటర్ల వేగమున సుమారు 72 మీటర్లు కావలెను. వేగము రెండింతలైన బండిలోని శక్తి నాలుగింతలగుటయే దీనికి కారణము. ఊరిముందర వేగమును తగ్గించు గుబ్బకు, హెచ్చరిక పలకకు, పిట్టగోడకు అగు ఖర్చు రోడ్డు ఖర్చులో స్వల్పము. లోపించినది ధనరాశి కంటె ఆ ధనమునకు ఒక పద్దు.

అమెరికాలో 1966 నాటి రహదారి భద్రతా చట్టము క్రింద ఇచ్చు నిధిని 75 పాళ్లు జనసంఖ్యను బట్టి, 25 పాళ్లు రోడ్ల పొడవును బట్టి రాష్ట్రములకు పంచుదురు. అందు కనీసము 40 శాతము స్థానిక సంస్థల నిమిత్తము ఖర్చుచేయవలెను. ఆ చివరి నిబంధనమే చిన్న ఊళ్లను కాపాడునది. మన దేశములో 2022లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పును ఏడు రాష్ట్రముల రోడ్డు భద్రతకు మంజూరుచేసెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు అందులోనివి. ఫలితము చూపినకొలది సొమ్ము ఇచ్చుట దీని పద్ధతి. 2021లో మద్రాసు ఐ.ఐ.టి. సాయముతో ఏర్పడిన ప్రమాదముల సమాచార పట్టిక ప్రతి ప్రమాద స్థలమును నమోదు చేయుచున్నది. చెదరిన మరణములను ఒకచోట చేర్చి చూపుటకు ఇది తగిన సాధనము.

కొల్లేటికి గల ప్రత్యేకత

కొల్లేటిలో మరియొక సంగతి ఆలోచింపవలెను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరినది. ఇచ్చట రోడ్డును వెడల్పు చేయుటకు వన్యప్రాణి చట్టపు అనుమతి కావలెను. మట్టిగట్టును ఎత్తుచేసినచో బండ్లకు క్షేమమే. కాని అది నీటికి అడ్డుపడి ఎగువ పొలములను ముంచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేటి గ్రామముల దారులు నీట మునిగెను. కావున ఇచ్చట భద్రత యనిన ఎత్తయిన గట్టు కాదు. నీరు పోవుటకు విశాలమైన ఖానాలుగల వంతెన. అది ఖరీదైనది. జనసంఖ్యను బట్టి, బండ్ల సంఖ్యను బట్టి పంచు ఏ సూత్రమునకును ఆ ఖరీదు అందదు.

1866లో శిస్తును బట్టి, 1929లో పెట్రోలును బట్టి ధనము నడచినది. నేడు బ్లాక్ స్పాట్లను బట్టి నడచుచున్నది. ప్రతి పర్యాయమును కొలత కొంత మెరుగుపడినది. ప్రతి పర్యాయమును లంకలు కొలతకు వెలుపలనే మిగిలినవి. ఫాల్గుణ మాసమున పిల్లలతో అమ్మవారి జాతరకు పోవు కుటుంబమునకు ఆ రోడ్డు ఏ శాఖదో, ఏ పద్దులోనిదో తెలియదు. తెలియవలసిన పనియు లేదు. లీటరు పెట్రోలుతో పాటు ఆ కుటుంబము సెస్సును ముందే చెల్లించినది. అందు కొద్ది భాగమును పంచాయతీ రోడ్ల భద్రతకై వేరుగ ఉంచి, అది ఎచ్చట ఖర్చయినదో ప్రతి సంవత్సరము ఊరివారికి చదివి వినిపించు ఏర్పాటు జరిగిన నాడు, ఈ చరిత్రలో లంకలకును చోటు దొరకును.