పైరు ఎదుగుదలే ఆనవాలు

ఆకాశం నుంచి చూస్తే పచ్చటి పొలాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అయినా ఏది వరో, ఏది మొక్కజొన్నో ఉపగ్రహ చిత్రాలతో చెప్పగలుగుతున్నారు. రైతుకు తరతరాలుగా తెలిసిన సంగతే దీనికి మూలం: ఏ పైరు ఎదుగుదల దానిదే.

1972లో సోవియట్ యూనియన్‌లో పంట దెబ్బతింది. ఆ దేశం గుట్టుచప్పుడు కాకుండా అమెరికాలో భారీగా గోధుమలు కొనడంతో ధరలు భగ్గుమన్నాయి. అదే ఏడాది జులై 23న తొలి లాండ్‌శాట్ ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. పరాయి దేశాల పంటను ముందే అంచనా వేయాలని నాసా, అమెరికా వ్యవసాయ శాఖ, వాతావరణ సంస్థ కలిసి 1974లో ‘లేసీ’ పథకం చేపట్టాయి.

ఆకులోని పత్రహరితం ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది. ఆకు కణజాలం పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆకు నుంచి తిరిగి వచ్చే ఈ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే ఎన్‌డీవీఐ. విత్తు నుంచి కోత దాకా దాన్ని గమనిస్తే ఏ పంటో బయటపడుతుంది. అమెరికాలో మొక్కజొన్న ఏపుగా ఎదిగే వేళకు శీతాకాలపు గోధుమ పండి పసుపెక్కుతుంది. కానీ గోధుమ, బార్లీ దాదాపు ఒకేలా పెరుగుతాయి కాబట్టి వాటిని వేరు చేయడం లేసీకి కష్టమైంది.

మన దేశంలో తొలి అడుగు 1970లోనే పడింది. శాస్త్రవేత్త పిషారోత్ రామ పిషారోటి బృందం కేరళ కొబ్బరితోటల్లో వేరు తెగులును హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో చిత్రీకరించింది. 1974-75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి అనంతపురం, పటియాలా జిల్లాల్లో విమానం నుంచి పంటల సర్వే చేశాయి. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఏ రాకతో మనకు సొంత ఉపగ్రహ చిత్రాలు అందాయి.

ఖరీఫ్‌లో ఇలాంటి చిత్రాలకు మబ్బులు అడ్డం. రాడార్‌కు ఆ బాధ లేదు. దమ్ము చేసి నీరు నిలిపిన మడి రాడార్ చిత్రంలో నల్లగా ఉంటుంది, నాట్లు పడి పిలకలు వేసేకొద్దీ తెల్లబడుతుంది. 2012లో వెళ్లిన రీశాట్-1 ఈ పనికి బాగా ఉపయోగపడింది. పంట అంచనాల కోసం ఢిల్లీలో మహలనోబిస్ కేంద్రం ఏర్పడిందీ ఆ ఏడాదే.

చిన్న కమతాలు, అంతర పంటలు ఉన్నచోట ఉపగ్రహం ఇప్పటికీ తడబడుతుంది. దాని లెక్కను సరిచూసేది పొలం నుంచి వచ్చే సమాచారమే. కాబట్టి రైతులు పంట నమోదు వేళ పంట పేరు, విత్తిన తేదీ, అంతర పంట ఉంటే ఆ వివరం తప్పకుండా రాయించాలి.